ఒక్కరికే తెరుచుకునే లంక

రాజోలు,
జులై

ప్రభువునందు ప్రియమైన లిడియాకు ప్రసన్న వదిన వందనాలు.

జాన్ గారి చేత నువ్వు పంపిన పెట్టె అందింది. ఏదీ పగల్లేదు, కారలేదు. విప్పిన రోజే ఎవరి పొట్లం వాళ్ళకి కట్టేశాను. పాస్టరమ్మగారికి ఒకటి, ఎదురింటి వీరలక్ష్మి గారికి ఒకటి, వీధి చివరిదాకా అలాగే. గల్ఫు పెట్టె విప్పిన ఇల్లు ఇరుగుపొరుగుకి పెట్టకుండా తినకూడదన్నది మీ అమ్మగారు నేర్పిన పద్ధతి. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను తప్పలేదు.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మీ అన్నయ్య నవ్వుతున్నారు. ఫోనులో మనం మాట్లాడేది హాల్లో, అందరి మధ్యా. "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనడమే. నువ్వు అడగాలనుకునేది నీ కొడుకు గురించి. వాడేమో తెర మీద నీ పేరు చూడగానే ఫోను నా చేతిలో పెట్టి గదిలోకి పోతాడు. మీ ఆయన ఫిలిప్ అన్నయ్య పోయాక నువ్వు నర్సు ఉద్యోగానికి కువైట్ వెళ్ళినప్పుడు దీపక్ చిన్నపిల్లాడు, ఏడ్చి ఊరుకున్నాడు. ఇప్పుడు ఇంటరు రెండో ఏడు చదువుతున్నాడు. పదో తరగతి అవగానే వచ్చేస్తానన్న నీ మాట పట్టుకుని కూర్చున్నాడు. సెలవు దొరకలేదని నేను ఎన్నిసార్లు చెప్పినా "ఆయ్, తెలుసత్తయ్యా" అంటాడు. అంతకు మించి ఒక్క మాట రాదు.

కానీ పుట్టినరోజుకి నువ్వు కొనిచ్చిన కంప్యూటర్ ఆట వాడికి బాగా నచ్చింది. ముందు ఖాళీ దీవి ఒకటి ఇస్తారట, దాన్ని మనమే బాగుచేసుకోవాలట. వాడు దాన్ని అచ్చం మన గోదారి లంకలా తయారుచేశాడు. చుట్టూ కొబ్బరిచెట్లు, మధ్యలో కాలవ, రేవులో పడవ, రెండు గదుల ఇల్లు. పేరు కూడా లంక అనే పెట్టాడు. కాలేజీ నుంచి రాగానే చెప్పులు విడిచి అందులోకే దూరతాడు.

ఒక్కటే చిక్కు వచ్చింది. వీరలక్ష్మి గారబ్బాయి నాగదుర్గాప్రసాద్ మనవాడికి ప్రాణస్నేహితుడు కదా. ఆ ఆటని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని వాళ్ళింటికి పట్టుకెళ్ళాడు. అక్కడ తెరుచుకోలేదు, కొన్నవాళ్ళ పాస్‌వర్డ్ అడిగిందట. దీపక్ చెప్పాడు. అక్కడ తెరుచుకోగానే ఇక్కడ మనవాణ్ణి బయటికి నెట్టేసింది! వీడు మళ్ళీ తెరిస్తే వాణ్ణి నెట్టింది. ఇద్దరూ వీధికి అటొకరు ఇటొకరు నిలబడి, "తియ్యరా" అంటే "నువ్వే తియ్యరా" అని కేకలు. ఒకప్పుడు అమలాపురంలో ఎవరైనా ఒక సీడీ కొంటే వీధి పిల్లలందరూ ఆడుకునేవారు. ఈ తాళమేమిటమ్మా? కాస్త వివరంగా రాయి.

నీ వదిన,
ప్రసన్నకుమారి

—

కువైట్,
ఆగస్టు

వదిన గారికి లిడియా వందనాలు.

మీ ఉత్తరం చదివి, వాడు కట్టిన ఇంటికి రెండు గదులున్నాయన్న చోట ఆగిపోయాను. రెండో గది ఎవరికో మీకు చెప్పాడా? అడగకండి. ఊరికే రాశాను.

తాళం సంగతి. ఇప్పుడు ఆట కొనడమంటే వస్తువు కొనడం కాదట వదినా. ఆడుకోవడానికి ఒక మనిషికి అనుమతి కొనడమట. ఆ ఎకౌంటు నా పేరున, నా కార్డుతో తీశాను. వాడు చేసుకున్న లంకంతా కంపెనీ వాళ్ళ దగ్గర ఎక్కడో దాచి ఉంటుంది. పాస్‌వర్డ్ కొడితే ఏ కంప్యూటర్‌లోనైనా అదే లంక కనబడుతుంది, కానీ ఒక సమయానికి ఒక్కరికే. అది చాలా చోట్ల తెరుచుకుంటున్నట్టు పసిగడితే ఎకౌంటు మూసేస్తారని మా హాస్టల్లో కేరళ అమ్మాయి చెప్పింది. మూసేస్తే లంక పోయినట్టే.

అందుకని ఎవరికీ ఇవ్వకండి, మీకు దణ్ణం పెడతాను. పెట్టెలో వచ్చిన సబ్బులు పంచినట్టు ఇది పంచేది కాదు. ఇంకో మాట. వాణ్ణి సాయంత్రాలే ఆడనివ్వండి. పొద్దుటిపూట మాత్రం తెరవనివ్వకండి, చదువు పాడవుతుంది. నేను చెప్పానని మాత్రం వాడికి తెలియనివ్వొద్దు.

మీ లిడియా

—

రాజోలు,
సెప్టెంబరు

ప్రియమైన లిడియాకు,

కృపానందం మాస్టారి అల్లుడు వస్తున్నాడంటే ఈ ఉత్తరమూ, ఉసిరికాయ పచ్చడీ ఇచ్చి పంపుతున్నాను.

నువ్వు చెప్పినట్టే పొద్దుటిపూట ఆట బందు చేశాను. ఎవరికీ ఇవ్వొద్దన్నావు. ప్రసాద్ ఒక్కడికి మాత్రం లేదనలేకపోయాను. మీ అన్నయ్యకి జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ ఇంటివాళ్ళే. ఆ పిల్లాడు గుమ్మంలో నిలబడి "ఒక్క గంటండీ, అత్తయ్యగారూ" అంటుంటే ఏం చెయ్యను? గొడవ రాకుండా ఒక ఏర్పాటు చేశాను. నీకేం భయం లేదు, అంతా పద్ధతిగా జరుగుతోంది.

అయినా ఆ ఇద్దరికీ మొన్న మాటలు ఆగిపోయాయి. కారణం వింటే నవ్వొస్తుంది. దీపక్ లంకలో తన సామానంతా పెట్టెల్లో దాచుకుంటాడట. ఏ పెట్టెలో ఏముందో వాడికే తెలియాలి, ఇక్కడ వాడి గది ఎలాగో అదీ అలాగే. ఎవరో ఆ పెట్టెలన్నీ తెరిచి, విత్తనాలు ఒక చోట, పనిముట్లు ఒక చోట, చేపలు ఒక చోట సర్దేశారట.

"నా పెట్టెలు నువ్వెందుకు సర్దేవురా?"

"నేనేంటి, సర్దడమేంటి? మా ఇంట్లో నా చొక్కాలే మడతెట్టుకోను!"

"మరి ఇంటి ముందు పూలమొక్కలెవరు నాటేరు?"

"పూలమొక్కలా! నేనేవైనా ఆడపిల్లనా? ఒరే, చెయ్యనిదానికి తిడితే బాగోదు, చెప్తున్నాను."

"నువ్వు కాకపోతే దెయ్యం నాటిందా?"

ప్రసాద్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మనవాడూ పిలవలేదు. చిన్న విషయమే గానీ ఇల్లు బోసిగా ఉంది. నాలుగు రోజుల్లో వాళ్ళే కలిసిపోతారులే.

నీ వదిన

—

కువైట్,
అక్టోబరు

వదినా,

మనిషి చేతికిచ్చి పంపేంత ఓపిక లేదు. కాగితం మీద రాసి, ఫోటో తీసి మీ ఫోనుకి పంపుతున్నాను. చదివాక ఫోటో తీసెయ్యండి. ఫోను వాడి చేతికి వెళ్ళకముందే తీసెయ్యండి.

దీపక్ ఎలా ఉన్నాడు? అన్నం తింటున్నాడా? నా గురించి ఏమైనా అన్నాడా? నా మీద కోపం పెరిగిందా? ఉన్నది ఉన్నట్టు రాయండి, నేను తట్టుకోగలను.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. ఆ ఆట వాడికోసమే కొన్నాను, అబద్ధం కాదు. కానీ పాస్‌వర్డ్ నాకూ తెలుసు కదా. రాత్రి డ్యూటీ దిగి గదికొచ్చేసరికి అక్కడ వాడు కాలేజీలో ఉంటాడు. ఒకసారి చూద్దామని తెరిచాను. వదినా, వాడు నాతో మాట్లాడి ఏడాది దాటింది. అక్కడ వాడు నిన్న తవ్విన కాలవ ఉంది, వాడు కట్టిన పడవ ఉంది. ఆ రోజు నుంచి పొద్దున్నే వెళ్ళి కాసేపు ఆ లంకలో తిరిగి వస్తున్నాను. మొదట్లో ఏదీ ముట్టుకోలేదు. తర్వాత చెయ్యి ఊరుకోలేదు. పెట్టెలు గందరగోళంగా ఉంటే సర్దాను. ఇంటి ముందు పూలమొక్కలు నాటాను. మీ ఉత్తరంలో ఆ పోట్లాట చదివి భయపడ్డాను, అయినా మీకు చెప్పలేదు. చెబితే ఆ కాస్తా పోతుందని.

నిన్న పొద్దున్న తెరిచేసరికి కొబ్బరిచెట్లన్నీ నరికేసి ఉన్నాయి. పూలమొక్కలు పీకేశారు. రెండో గది గోడలు లేవు. అది నా గదని నేనే అనుకున్నాను వదినా, వాడు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు వస్తున్నారో వాడు కనిపెట్టేశాడు. నన్ను రావద్దంటున్నాడు. ఇంకేమిటి దానికి అర్థం? వార్డులో ఒక పేషెంటుకి ఇవ్వాల్సిన మందు పేరు రెండుసార్లు చదువుకుని ఇచ్చాను.

ఏం చెయ్యను?

లిడియా

—

రాజోలు,
అక్టోబరు

లిడియా, ముందు ఇది చదివి ఊపిరి తీసుకో. ఆ పని దీపక్ చెయ్యలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు ఎక్కడుందో చదివిన ప్రతిసారీ నా దగ్గరికే వచ్చి ఆగింది. ప్రసాద్ ఒక్కడికే ఇచ్చానని రాశాను. ఒక్కడికి కాదు. వీధిలో మరో మూడిళ్ళ పిల్లలకీ ఇచ్చాను. ఒక ఇంటికి పెట్టి ఇంకో ఇంటికి ఎలా లేదంటాను? ఒకసారికి ఒక్కరే అన్నావు కదా, మా పుట్టింట్లో దాళ్వా పంటకి కాలవ నీళ్ళు ఎలా పెట్టుకుంటారో అలా వంతులు వేశాను. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఒకరి వంతులో ఇంకొకరు తూము ఎత్తకూడదు. కాగితం మీద రాసి మీటరు బోర్డు పక్కన అంటించాను కూడా. దీపక్‌ని నేనే ఒప్పించాను. పిల్లలు బుద్ధిగా వింటుంటే నాకు గర్వంగా ఉండేది.

పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రసాద్‌కి తెలిసిన పాతదాన్ని దీపక్ చేత మార్పించేశాను, ఎకౌంటు నీ పేరున ఉంది కదా అని ఆ కొత్తది నీకూ పంపాను. ప్రతి ఇంటికీ నేనే స్వయంగా వెళ్ళి, చెంగు అడ్డం పెట్టుకుని కొట్టాను. ఒకసారి కొడితే ఆ కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టేసుకుంటుందని నాకు తెలియదమ్మా. వంతు లేని రోజున కూడా తెరుచుకుంటుందని ఆ పిల్లలకి తెలుసు, నాకొక్కదానికే తెలియదు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఎదురింటికి వెళ్ళాను. వీరలక్ష్మి గారు, "మావాడు అలాంటోడు కాదండీ వదినగారూ, చీమకైనా హాని చెయ్యడు" అన్నారు. ప్రసాద్ లోపలి నుంచి వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"నేనే నరికేనండి."

"ఎందుకురా, బాబూ?"

"చెయ్యనిదానికి తిట్టేడు కదండీ. ఎలాగూ తిట్లు తిన్నాం కదా, చేసేద్దాం అనిపించిందండి."

"ఆ గది గోడలెందుకు పడగొట్టేవు?"

"కోడిపందేల బరి కట్టేనండి. చోటు చాల్లేదు."

వీరలక్ష్మి గారు వాణ్ణి వీపు మీద ఒకటి చరిచారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చూశావా, నువ్వు సర్దినందుకు మనవాడు ప్రసాద్‌ని తిట్టాడు. వాడు నరికినందుకు నువ్వు నీ కొడుకుని తలచుకుని ఏడ్చావు. అందరూ ఒకే పేరుతో వెళ్ళారు కాబట్టి ఎవరి చెయ్యి ఏదో ఎవరికీ తెలియలేదు.

దీపక్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు. తన లంక ఎవరు పాడుచేశారో తెలియక వాడు గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతున్నాడు. వంతుల కాగితం చింపేశాను. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు.

వదిన

—

కువైట్,
నవంబరు

వదిన గారికి,

వాడు కాదని తెలిసి, యూనిఫాంతోనే మంచం మీద కూర్చుని మీ ఉత్తరం మళ్ళీ చదివాను. మిమ్మల్ని తిట్టేంత మనసు నాకు లేదు. కోపం లేదంటే మాత్రం అబద్ధమవుతుంది. పంచొద్దని దణ్ణం పెట్టి రాశాను కదా వదినా.

నేను భయపడిందే జరిగింది. ఎకౌంటు ఆపేశారు. రాజోలులో ఇన్ని కంప్యూటర్లు, మధ్యలో కువైట్, అన్నీ ఒకే పేరుతో. కంపెనీ నుంచి నాకు మెయిలు వచ్చింది. ఒక్కటే ప్రశ్న. ఈ ఎకౌంటు వాడింది మీరొక్కరేనా? అవునంటే, దొంగలెవరో జొరబడ్డారని అనుకుని నాకు తిరిగి ఇస్తారట. మిగతా అందరినీ, దీపక్‌తో సహా, తీసేసి, ఇక్కడి నా కంప్యూటర్‌లో మాత్రమే తెరుచుకునేలా నాకొక్కదానికి ఇస్తారు. కాదంటే శాశ్వతంగా మూసేస్తారు. లంక పోతుంది.

'అవును' అన్న గడిలో ఒక్క టిక్కు పెడితే చాలు. వాడు కట్టినదంతా మిగులుతుంది. కానీ అందులో వాడు ఉండడు. వాడు లేని ఇల్లు సర్దుకుంటూ నేనేం చెయ్యను? పైగా ఆదివారం ప్రార్థనలో కూర్చుని, అంతకుముందు రోజు అబద్ధానికి టిక్కు పెట్టానని తలచుకోవడం ఎలా?

వాడికి మాత్రం చెప్పకండి. ఏదో పాడైపోయిందని చెప్పండి. వాడు లేనప్పుడు నేను వచ్చి వెళ్ళేదాన్నని తెలిస్తే ఏమనుకుంటాడో నాకు తెలియదు. ఆ భయమే అన్నిటికంటే ఎక్కువగా ఉంది.

లిడియా

—

రాజోలు,
నవంబరు

లిడియా,

నీ మాట దాటాను. దీపక్‌కి చెప్పేశాను.

చెప్పక తప్పలేదు. ఎదురెదురు ఇళ్ళలో ఉంటూ ఆ ఇద్దరు పిల్లలూ మొహాలు తిప్పుకుని కాలేజీకి పోతున్నారు. చెయ్యని తప్పుకి తిట్టు తిన్నది ప్రసాద్. ఆ సంగతి దాస్తే, మన ఇంటి గుట్టు కోసం ఎదురింటి పిల్లాణ్ణి దొంగని చేసినట్టు. కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. పెట్టెలు సర్దింది ఎవరో, మొక్కలు నాటింది ఎవరో, వంతులు వేసింది ఎవరో.

వాడు కలుపుతున్న అన్నం వదిలేసి తలెత్తాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "రోజూ వచ్చేదా?"

"రోజూ వచ్చేదిరా."

"నేను లేనప్పుడా?"

"నువ్వుంటే తెరుచుకోదు కదా. ఒక్కరికే కదా."

"ఫోన్లో ఒక్క ముక్క చెప్పొచ్చుగా, వచ్చేనని! నా ఆటంటూ ఇచ్చి, తన పేరున ఉంచుకుని, దొంగచాటుగా చూసి పోవడవేంటత్తయ్యా? సీసీ కెమెరా పెట్టినట్టు!"

"ఫోనుకి నువ్వు వస్తున్నావట్రా చెప్పడానికి?" అన్నాను. ఉండబట్టలేక గట్టిగానే అన్నాను. వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

టిక్కు సంగతీ చెప్పాను. ఏం పెట్టమంటావని అడిగితే, "అమ్మిష్టం. అమ్మదే కదా" అన్నాడు.

అయితే ప్రసాద్ ఇంటికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ తిరిగొచ్చేటప్పుడు వాడి సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. ఇంట్లో మాత్రం మూడు రోజులుగా మాతో కలిసి తినడం లేదు. నీకు ఇలా రాయవలసి వస్తుందనుకోలేదు. నాకూ భయంగానే ఉంది. మీ అన్నయ్య "కుర్రాడు, సర్దుకుంటాడు" అంటున్నారు. ఆయనకి అన్నీ సర్దుకుంటాయి.

వదిన

—

కువైట్,
డిసెంబరు

వదినా,

నిజమే రాశాను. నేనూ నా కొడుకూ వాడాం, నాకు తెలియకుండా మరికొందరు పిల్లలూ ఆడారు, అందరూ ఎరిగినవాళ్ళే, దొంగలు కాదు అని రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. మూసేశారు. ఇక తెరుచుకోదు. ఎవరి ఆట వాళ్ళు కొనుక్కోవాలని మర్యాదగానే రాశారు.

లంక పోయిందని వాడికి మీరే చెప్పండి. సీసీ కెమెరా అన్న మాట సరైనదే. పేషెంట్లని నిద్రలో చూసి చూసి, మనుషుల్ని వాళ్ళకి తెలియకుండా చూడటం అలవాటైపోయింది నాకు. మళ్ళీ ఏదీ కొని పంపను. నేను పంపింది ఏదైనా వాడికి భారమే అవుతోంది.

పొద్దున్నపూట డ్యూటీ దిగి గదికి వస్తే ఏం చెయ్యాలో తోచడం లేదు.

లిడియా

—

రాజోలు,
జనవరి

ప్రియమైన లిడియాకు,

నువ్వు ఉత్తరం రాసి నెల దాటింది. నేనూ జవాబు రాయలేదు, రాయడానికి మంచి మాట ఒకటి దొరికేదాకా ఆగాను. దొరికిందో లేదో నువ్వే చెప్పాలి.

లంక పోయిందని దీపక్‌కి చెప్పాను. ఖాళీ తెర ముందు కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత పరీక్షలూ, పుస్తకాలూ. నేనూ ఆ ఊసు ఎత్తలేదు. నిన్న మధ్యాహ్నం నేను చేపలు కడుగుతుంటే దొడ్లోకి వచ్చి నూతిపళ్ళెం గట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా రాడు.

"అత్తయ్యా, ఆ ఆట మళ్ళీ కొన్నాను. ఈసారి నా పేరున."

"మంచిదేరా."

"ప్రసాద్ కూడా వాడి పేరున కొనుక్కున్నాడు. ఎవరిది వాళ్ళకి ఉంటే ఇద్దరం ఒకే దీవిలోకి వెళ్ళొచ్చు, ఒకేసారి. ఎవర్నీ బయటికి నెట్టదు. ఎవరు ఎక్కడున్నారో నెత్తి మీద పేరు కనబడుతుంది."

నేను చేపలు కడగడం ఆపలేదు. ఆపితే వాడు లేచిపోతాడని భయం. వాడు ఒక పుల్ల తీసుకుని నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"అమ్మకి సెలవు ఏ రోజు?"

"నాకేం తెలుసురా. వారం వారం మారుతుందంటారు."

"కనుక్కోండి. తన పేరున ఒకటి కొనుక్కోమనండి." లేచి గుమ్మం దాకా వెళ్ళి, నావైపు చూడకుండా అన్నాడు, "నేను లేనప్పుడు కాదు. ఉన్నప్పుడు రమ్మనండి."

నా చేతులు నీచు వాసన, లేకపోతే వాణ్ణి దగ్గరికి తీసుకునేదాన్నే.

లిడియా, వాడి కోపం పోయిందని నేను హామీ ఇవ్వలేను. ఇవాళ పొద్దున్న కూడా నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. నువ్వు వస్తే నీతో ఏం మాట్లాడతాడో, అసలు మాట్లాడతాడో లేదో నాకు తెలియదు. కానీ ఈ మధ్యాహ్నం నుంచి పుస్తకం ముందేసుకుని హాల్లో, ఫోను ఉన్న బల్ల దగ్గరే కూర్చున్నాడు. పేజీ తిరగడం లేదు.

ఈ ఉత్తరం ఫోటో తీసి నీకు పంపేసి, ఫోను మళ్ళీ ఆ బల్ల మీదే పెడతాను. దీనికి జవాబు రాయకు. చదవగానే ఫోను చెయ్యి. ఎంతసేపు మోగినా నేను వంటింట్లోంచి రాను.

నీ వదిన,
ప్రసన్నకుమారి